శనివారం గుమ్మడి–ఆపిల్ పై (pie, పిండి పొరల మధ్య ముక్కలు నింపి ఓవెన్‌లో కాల్చేది): ఎవరు ఏం చేస్తున్నారు?

కల్చరల్ టీమ్: 120 మంది, మనిషికో ముక్క. 9 అంగుళాల గుండ్రటి పై ఒక్కోదానికి ఎనిమిది ముక్కలు, అంటే 15 పైలు. పిండికి ముగ్గురు, ఆపిల్స్ తరగడానికి ఇద్దరు, ప్లేట్లకి ఒకరు. బేకింగ్ అంతా హాల్ కిచెన్‌లో. రాత్రికల్లా పేర్లు పెట్టండి.

హాల్ బుకింగ్: ఆగండి. హాల్ మేనేజర్ మెయిల్ ఇప్పుడే వచ్చింది. కిచెన్‌లో వడ్డించుకోవచ్చు గానీ ఓవెన్ ముట్టుకోకూడదట. ఫ్రిజ్ కూడా ఇవ్వరు.

ట్రెజరర్: ఈ మాట బుకింగ్ రోజే అడగాల్సింది కదా అన్నా? వెన్న, మైదా కొనేశాం.

హాల్ బుకింగ్: అడిగాను, అప్పుడు సరేనన్నారు. నమ్మకం లేకపోతే రేపు మీరే ఫోన్ చేసి మాట్లాడండి.

వంట టీమ్: ఫోన్ల సంగతి తర్వాత. ఫ్రిజ్ లేదంటే గుమ్మడి కస్టర్డ్ పై మానేయాల్సిందే. గుడ్లు, పాలు పడ్డది రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. ఎలాగూ గుడ్డు తిననివాళ్ళున్నారు. బట్టర్‌నట్ గుమ్మడి ముక్కలు, ఆపిల్స్ కలిపి ఇళ్ళలోనే కాల్చుకొద్దాం.

ట్రెజరర్: ఇళ్ళలో 15 పైలా?

వంట టీమ్: గుండ్రటివి వద్దు వదినా, ట్రేలో వేద్దాం. 33×46 సెం.మీ. ట్రేకి 24 ముక్కలు. ఐదిళ్ళు, ఐదు ట్రేలు.

ఒక ట్రేకి మైదా 650 గ్రా., చల్లటి వెన్న 450 గ్రా., ఉప్పు రెండు టీస్పూన్లు. ఐసు నీళ్ళు 150 మి.లీ.తో మొదలుపెట్టి, గుప్పెట్లో నొక్కితే నిలిచేదాకా చల్లండి. చపాతీ పిండిలా మర్దించారో, పొర గట్టిపడుతుంది. బఠాణీ గింజంత వెన్న పలుకులు కనబడాలి. రెండు ముద్దలు, కిందిది కాస్త పెద్దది, గంటసేపు ఫ్రిజ్‌లో.

వాలంటీర్: వెన్న బదులు నెయ్యి వెయ్యొచ్చా అక్కా?

వంట టీమ్: వద్దు. వెన్నలోని నీరు ఆవిరై పొరల్ని లేపుతుంది. నెయ్యిలో నీరుండదు, పొడిపొడిగా రాలిపోతుంది.

లోపలికి: బట్టర్‌నట్ చెక్కు తీసి సెంటీమీటరు ముక్కలు, 900 గ్రా. ఇవి ముందే 200 డిగ్రీల్లో 20 నిమిషాలు కాల్చాలి, లేకపోతే ఆపిల్ ఉడికినా ఇవి పలుకుగానే ఉంటాయి. పుల్లటి గట్టి ఆపిల్స్ 1.8 కిలోలు, 5 మి.మీ. మందం. 250 గ్రా. చక్కెర కలిపి అరగంట ఉంచండి. ఊరిన రసం వంపి, సగమయ్యేదాకా మరిగించి మళ్ళీ పోయండి. అడుగు నానిపోయిందని గోల పెట్టేవాళ్ళంతా ఈ పని ఎగ్గొట్టినవాళ్ళే. కార్న్‌ఫ్లోర్ 50 గ్రా., దాల్చినచెక్క పొడి, ఒక నిమ్మకాయ రసం. బాగా చల్లారాకే నింపండి, వేడిది వేస్తే వెన్న కరుగుతుంది.

పెద్ద ముద్ద వత్తి ట్రేలో పరిచి, ముక్కలు నింపి, చిన్నది వత్తి పైన కప్పండి. ఆ పైపొరకి గాట్లు పెట్టి, ఓవెన్ కింది అరలో 220 దగ్గర 20 నిమిషాలు, తర్వాత 190 దగ్గర ఇంకో 40. గడియారం కంటే గాట్లను నమ్మండి. వాటిలోంచి రసం చిక్కగా బుడగలు రావాలి. మరగని కార్న్‌ఫ్లోర్ గట్టిపడదు.

వాలంటీర్: మా ఓవెన్‌లో అంత ట్రే పట్టదు.

వంట టీమ్: 23×33 ట్రేలు రెండు తీసుకో. సరిగ్గా సగం సగం.

ట్రెజరర్: నాకో ట్రే రాయండి. అన్నా, మేనేజర్‌కి ఫోనేం వద్దులే.

హాల్ బుకింగ్: సరేనమ్మా. నావి రెండు. ట్రేలు తేవడానికి కారు వెనక సీట్లు మడిచేస్తాను, ఐదూ పడతాయి.

వంట టీమ్: శనివారం ఒంటిగంటకల్లా ఓవెన్‌లోంచి తీసేయండి. మూడు గంటలు ఆరితేనే ముక్క నిలుస్తుంది. వేడి మీద ఫాయిల్ మూయొద్దు, చెమ్మ పట్టి పైపొర మెత్తబడుతుంది. ముక్కలు హాల్‌లోనే కోద్దాం, పదునైన కత్తి ఎవరైనా తెండి.