ఇంజన్ హీటెక్కింది, హెడ్ (సిలిండర్ల పైమూత) ఇంట్లోనే విప్పుదామనుకుంటున్నా. దాని కింద సీలులా ఉండే గ్యాస్కెట్ మారిస్తే సరిపోతుందా?

పాతబండి:
నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, అల్యూమినియం హెడ్, టైమింగ్ బెల్టు. పోయిన వారం బానెట్ కింద నుంచి ఆవిరి లేచేదాకా నాకు తెలియలేదు, టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంది మరి. ఇల్లు దగ్గరే కదా అని ఇంకో మూడు కిలోమీటర్లు నడిపేశాను (తిట్టండి, పర్లేదు). ఇప్పుడు స్టార్ట్ చేస్తే తెల్లపొగ ఆగట్లేదు, ఆయిల్ మూత తీస్తే లోపల కాఫీ నురగలాంటిది అంటుకుని ఉంది, 2, 3 సిలిండర్లలో కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) మిగతా రెండింట్లో సగం కూడా లేదు. టార్క్ రెంచి (ఎంత బలంతో బిగించామో చూపించే పానా) ఉంది, వాటర్ పంపు, బ్రేకులు ఇంతకుముందు నేనే మార్చుకున్నాను, హెడ్ మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. కొత్త గ్యాస్కెట్ తెచ్చి వేసేస్తే పనైపోతుందా?

గ్రీజుచేతులు:
పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోయాయంటే చాలావరకు వాటి మధ్యలో గ్యాస్కెట్ కాలిపోయినట్టే. నురగ ఉంది కాబట్టి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ఆయిల్లోకి దిగింది, ఇక స్టార్ట్ చేయకండి, ఆ నీళ్ల ఆయిల్‌తో బేరింగులు పోతాయి. ముల్లు లేవకపోవడానికి కారణం కూడా చెప్తాను: కూలెంట్ కారిపోతే సెన్సర్ నీళ్లలో కాకుండా గాలిలో ఉంటుంది, అది చూపించే లెక్కకి అర్థం లేదు.

విప్పడం మీరు చేయగలరు. బ్యాటరీ తీసేయండి, కూలెంట్ పూర్తిగా దించండి (తియ్యగా ఉంటుంది, విషం, గిన్నె బయట వదిలేస్తే కుక్కలు తాగుతాయి). ఒకటో సిలిండర్ పిస్టన్ పైకి వచ్చాక, బెల్టు తీయకముందే, బెల్టు చక్రాల మీద టైమింగ్ గుర్తులు కలిశాయో లేదో చూసి ఫోటో తీసుకోండి. పైపు, కనెక్టర్ ఏది విప్పినా దానికి టేపు ముక్క అంటించి పేరు రాయండి, వారం తర్వాత ఏదీ గుర్తుండదు. అసలు సంగతి బోల్టులది. ఇంజన్ పూర్తిగా చల్లారాకే ముట్టుకోవాలి, అదీ చివర్ల నుంచి మధ్యకు, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా మూడు నాలుగు విడతల్లో వదులు చేయాలి. ఒక పక్క మొత్తం విప్పేస్తే బాగున్న హెడ్ కూడా వంగుతుంది. తీసిన హెడ్‌ని చెక్కముక్కల మీద పెట్టండి, తెరుచుకున్న వాల్వులు కిందికి పొడుచుకొచ్చి ఉంటాయి, నేల మీద బోర్లిస్తే అవి వంగిపోతాయి.

రెండుచక్రాలు:
అంత కష్టం దేనికి బ్రో, రేడియేటర్లో పోసే లీక్ ఆపే మందు దొరుకుతుంది కదా, ఒక డబ్బా పోసి చూడు.

గ్రీజుచేతులు:
కాలిన గ్యాస్కెట్‌ని ఆ మందు అతికించదు బ్రో. పైగా రేడియేటర్, హీటర్ గొట్టాలు పూడుకుపోతాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమే.

వాల్వుసీటు:
గ్యాస్కెట్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా అని కదా అడిగింది. కొలవకుండా సరిపోతుందని ఎవరూ చెప్పలేరండీ. హెడ్ కింది ముఖం శుభ్రం చేశాక దాని మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (ఏమాత్రం వంకర లేని ఇనుప స్కేలు) పెట్టి, పొడవునా, అడ్డంగా, రెండు మూలల వెంబడీ ఫీలర్ గేజ్ (మందం రాసి ఉండే సన్నటి రేకు) దూర్చి చూడండి. మీ ఇంజన్ మాన్యువల్లో హద్దు రాసి ఉంటుంది, చాలా హెడ్లకి 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల మధ్యే, అంటే వెంట్రుక మందం దాటితే అయిపోయినట్టే. హెడ్ కూర్చునే బ్లాకు (సిలిండర్లుండే భాగం) పైముఖం కూడా ఇలాగే చూడాలి, దీన్ని చాలామంది మర్చిపోతారు.

హద్దు దాటితే ఇంజన్ పనులు చేసే లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి (అంటే ముఖాన్ని సమంగా చెక్కించాలి), ముందు పగుళ్ల కోసం ప్రెషర్ టెస్ట్ అడగండి, వాల్వు సీట్ల మధ్య పగుళ్లు కంటికి కనపడవు. వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్ హెడ్‌లోనే ఉంటే ఇంకో తిరకాసు. హెడ్ వంగితే క్యామ్ తిరిగే బోరు కూడా వంగుతుంది, కింద ఫేసింగ్ చేస్తే పైన అది సరికాదు. వాల్వుల లోడు లేకుండా క్యామ్ బిగించి చేత్తో తిప్పండి, పట్టేస్తుంటే ఆ హెడ్‌ని నమ్మొద్దు.

పాత గ్యాస్కెట్ గీకడానికి ప్లాస్టిక్ స్క్రేపరే, డ్రిల్లుకి పెట్టే గరుకు డిస్కు వద్దు, గుంటలు పడతాయి, ఆ పొడి ఆయిల్లో కలుస్తుంది. బ్లాకులో బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీళ్లు మిగిలితే బిగించినప్పుడు బ్లాకే పగలొచ్చు, గాలి కొట్టి ఆరబెట్టండి. డిగ్రీల లెక్కన తిప్పి బిగించే రకం బోల్టులైతే అవి సాగుతాయి, కొత్తవే వేయండి. బిగింపు మధ్య నుంచి చివర్లకి. స్టార్ట్ చేసేముందు పిస్టన్లని కదిలించే ఇరుసు, అంటే క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పండి, ఎక్కడైనా తగిలితే బలవంతం చేయొద్దు.

ఇదంతా చేసి అసలు ఎందుకు హీటెక్కిందో చూడకపోతే మళ్లీ ఇదే పని.

పాతబండి:
పది రోజుల తర్వాత వచ్చాను. హెడ్ మధ్యలో 0.15 గేజ్ దూరింది, ఫేసింగ్ అయింది, పగుళ్లు లేవు, క్యామ్ వేలితో తోస్తే తిరిగింది. వేడెక్కితే తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్లోకి వదిలే థర్మోస్టాట్‌ని గిన్నెలో నీళ్లుపోసి మరిగించాను, దాని మీద 82 డిగ్రీలు అని ఉంది, నీళ్లు తెర్లినా మూత ఇంత కూడా తెరుచుకోలేదు. దొంగ దొరికాడు. కొత్తది వేసి, ఆయిల్, ఫిల్టర్ మార్చి, గాలి బుడగలు పోయేదాకా రేడియేటర్ మూత తీసి నడిపాను. ఆయిల్లో ఇంకా కొంచెం తెలుపు కనిపిస్తోంది, నాలుగు రోజులు నడిపి మళ్లీ మారుస్తాను. పొగ మాత్రం లేదు అన్నా.