ట్రాఫిక్‌లోంచి బయటపడగానే బండి లాగట్లేదు: బానెట్ కింది ఇంటర్‌కూలర్‌కి గాలి సరిగ్గా అందాలంటే?

పటమట డీజిల్
బండి 2.2 టర్బో డీజిల్ ఎస్‌యూవీ, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కి పంపే వేడి గాలిని ఇంజనులోకి వెళ్లేముందు చల్లార్చేది) ఇంజను నెత్తిన, బానెట్ స్కూప్ (గాలి దూరే మూతి) కింద ఉంటుంది. పొద్దున పూట ఏ ఇబ్బందీ లేదు. మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో, ఏసీ వేసుకుని విజయవాడ బెంజి సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగు దాకా నత్తనడకన వెళ్లి, హైవే ఎక్కి తొక్కితే ఒకటి రెండు నిమిషాలు పికప్ ఉండదు. తర్వాత దానంతటదే సర్దుకుంటుంది. టెంపరేచర్ ముల్లు కదలదు, చెక్ లైటు రాదు, నల్లపొగ లేదు, ఎయిర్ ఫిల్టర్ కొత్తది. ఒక షాపులో "ఇది తీసేసి బంపర్ వెనక పెద్ద ఇంటర్‌కూలర్ పెట్టిద్దాం" అంటున్నారు. పెట్టించమంటారా?

కొలత ముందు
ఇప్పుడే వద్దండి. దానంతటదే సర్దుకుంటోందంటే కూలర్ చిన్నదని కాదు, ట్రాఫిక్‌లో అది కాగిపోతోందని. ఇంజను మీద కూర్చున్న కూలర్‌కి బండి ఆగినప్పుడు పైనుంచి గాలి రాదు, కిందనుంచి సెగ మాత్రం ఆగదు. ఆ అల్యూమినియం దిమ్మ మొత్తం వేడెక్కాక, మళ్లీ చల్లబడటానికి మీరు చెప్పిన ఆ ఒకటి రెండు నిమిషాలు పడుతుంది.

లెక్క చూడండి. బయట 42 డిగ్రీలు, బూస్ట్ (టర్బో అదనంగా పెంచే గాలి ఒత్తిడి) 1.2 బార్, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే టర్బోలోంచి వచ్చే గాలి 155 డిగ్రీల దగ్గర ఉంటుంది. 70 శాతం పనిచేసే కూలర్ దాన్ని 76కి దించుతుంది. అదే కూలర్ మీదికి బయటి గాలి బదులు ఇంజను మీద కాగిన 60 డిగ్రీల గాలి వస్తే 89 దగ్గరే ఆగిపోతుంది. కూలర్ మారలేదు, దాని మీదికి వచ్చే గాలి మారింది. పైగా చాలా బళ్లలో మ్యానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే పైపు) లోని గాలి వేడి ఒక హద్దు దాటితే ఈసీయూ, అంటే ఇంజను కంప్యూటర్, డీజిల్ కూడా తగ్గిస్తుంది.

ముందు ఒక ఓబీడీ రీడర్ (బండి సెన్సర్ల అంకెలు చూపించే పరికరం) పెట్టి మూడు టెంపరేచర్ రీడింగులు చెప్పండి: ట్రాఫిక్‌లో 20 నిమిషాల తర్వాత ఐడిల్‌లో, 80 మీద నిలకడగా వెళ్తున్నప్పుడు, మూడో గేర్‌లో పూర్తిగా తొక్కినప్పుడు. మ్యానిఫోల్డ్ ప్రెషర్ కూడా. ఒక జాగ్రత్త: కొన్ని డీజిళ్లలో "ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్" అని చూపించేది ఎయిర్ ఫిల్టర్ దగ్గరి సెన్సర్‌ది, అంటే టర్బోకి ముందు గాలిది. దాంతో మనకి పని లేదు. "ఛార్జ్ ఎయిర్" లేదా మ్యానిఫోల్డ్ టెంపరేచర్ కావాలి. తేడా తెలియాలంటే తొక్కి చూడండి. అంకె రెండు మూడు డిగ్రీలు కూడా కదలకపోతే అది ఫిల్టర్ దగ్గరిదే.

పటమట డీజిల్
మ్యానిఫోల్డ్‌దే దొరికింది. బయట 41. ఐడిల్‌లో 81, నిలకడగా 80 మీద 66, తొక్కితే 97. ప్రెషర్ ఐడిల్‌లో 100 కిలోపాస్కల్, తొక్కితే 215.

కొలత ముందు
215లో బయటి గాలిది 100 తీసేస్తే 115, అంటే 1.15 బార్, బూస్ట్ నిండుగానే వస్తోంది. టర్బో బాగానే ఉందన్నమాట. కానీ 80 మీద ఏ బరువూ లేకుండా వెళ్తున్నప్పుడు బయటి కంటే 25 డిగ్రీలు ఎక్కువ ఉండకూడదు. 15, 16 ఉండాలి. స్కూప్‌లోకి వచ్చిన గాలి కూలర్‌లోంచి పోకుండా పక్కలనుంచి జారిపోతోందని నా అనుమానం. స్కూప్ చుట్టూ ఉన్న ఫోమ్ ఒకసారి నొక్కి చూడండి.

రేడియేటర్ బాబాయ్
ఫోమ్ సంగతి తర్వాత, ముందు లీకు చూడు బాబూ. బూస్ట్ నిండుగా కనపడుతోందని లీకు లేదనుకోకు. చిన్న లీకుంటే టర్బో ఇంకాస్త గట్టిగా తిరిగి ఆ లోటు పూడుస్తుంది, గాలి ఇంకా వేడెక్కుతుంది. అంకె 215 అనే చూపిస్తుంది.

టర్బో దగ్గరి హోస్, మ్యానిఫోల్డ్ దగ్గరి హోస్ రెండూ ఊడదీసి, మధ్యలో కూలర్, పైపులు మాత్రమే పరీక్షించు. మొత్తం ఇంజనుకి గాలి కొడితే క్రాంక్‌కేస్ (ఇంజను అడుగు గది) సీళ్ల మీద పడుతుంది. సైజుకి సరిపోయే పీవీసీ ఎండ్‌క్యాపులు రెండు తీసుకుని, ఒకదానికి రంధ్రం చేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వ్ బిగించు. క్లిప్పులు గట్టిగా వెయ్యి, క్యాపుకి ఎదురుగా నిలబడకు, ఊడితే రాయిలా తగులుతుంది. రెగ్యులేటర్ ఉన్న కంప్రెసర్‌తో 15 పీఎస్ఐ దాకానే, అంటే దాదాపు ఒక బార్. పంక్చర్ షాపులో నేరుగా గన్ పెట్టి కొట్టించకు. తర్వాత సర్ఫ్ నీళ్లు చల్లు. నిమిషంలో ప్రెషర్ సగానికి పడిపోతే లీకు ఉన్నట్టే. ఎక్కువగా దొరికే చోట్లు రెండు: హోస్ వంపులో కిందివైపు పగులు, కూలర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో ముడిచిన అంచు. రెండోదానికి ఎం-సీల్ పెట్టేవాళ్లున్నారు, వేడికీ అదురుకీ నిలవదు. కోర్ మార్చాల్సిందే.

పటమట డీజిల్
బాబాయ్, లీకు లేదు. 15 పెడితే నిమిషం తర్వాత 14 ఉంది. ఫోమ్ మాత్రం వెనక అంచున పొడిపొడిగా రాలిపోయింది, కుడివైపు మూల అసలు లేదు.

కొలత ముందు
దొరికింది. ఆ ఫోమ్‌ది చిన్న పని అనిపిస్తుంది గానీ ఈ బండిలో సగం ఇంటర్‌కూలర్ అదే. గాలికి కూలర్ రెక్కల సందుల్లో దూరడం కంటే పక్కనున్న ఖాళీలోంచి జారుకోవడం సుఖం. వేలు దూరేంత సందుంటే చాలు, అటే పోతుంది.

కొత్త ఫోమ్ ఎంత మందం కావాలో ఊహించకండి. చపాతీ పిండి నిమ్మకాయంత ఉండలు ఐదారు చేసి, పల్చటి పాలిథీన్‌లో చుట్టి, కూలర్ అంచు చుట్టూ పెట్టి బానెట్ మెల్లగా వేసి తియ్యండి. అణిగిన మందమే అక్కడి సందు. సందు 14 మిల్లీమీటర్లుంటే 20 ఫోమ్ వెయ్యండి, 30 శాతం అణుగుతుంది. అన్ని చోట్లా ఒకే సందు ఉండదు, సాధారణంగా వెనక ఎక్కువ. మరీ మందం వేస్తే బానెట్ లాక్ పూర్తిగా పడదు, హైవేలో లేచిందంటే అద్దం మీదికే వస్తుంది.

మెత్తటి సోఫా స్పాంజి వద్దు. అందులోంచి గాలి పోతుంది, వానకి నానుతుంది, వేడికి పొడిపొడిగా రాలిపోతుంది. క్లోజ్డ్ సెల్ ఈపీడీఎం (గాలీ నీళ్లూ దూరని రబ్బరు ఫోమ్) అని అడగండి. ఆటోనగర్‌లో బస్ బాడీలు కట్టేవాళ్లకి రబ్బరు సరుకు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. అతికించే చోట పాత జిగురు గీకి, పెట్రోలు కాదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మూలల దగ్గర వంచకుండా 45 డిగ్రీల కోత కోసి కలపండి. వంచితే లోపలి వైపు ముడత పడి అక్కడే సందు మిగులుతుంది. అతికించాక ఫోమ్ అంచుకి సుద్ద రాసి బానెట్ వేసి తియ్యండి. కూలర్ చుట్టూ సుద్ద గీత తెగకుండా పడాలి.

నల్లపాడు రోడ్డు
బానెట్ వెనక, అద్దం దగ్గరుండే రబ్బరు బీడింగ్ తీసేస్తే వేడి బయటికి పోతుందంటారు కదన్నా? గుంటూరులో చాలామంది తీస్తున్నారు.

కొలత ముందు
బండి ఆగినప్పుడు కాస్త పోతుంది, నిజమే. పరిగెత్తేటప్పుడు మాత్రం అద్దం అడుగున గాలి గుద్దుకుని ఒత్తిడి పెరుగుతుంది, అక్కడినుంచి గాలి ఇంజను గదిలోకి వస్తుంది. కూలర్ కింద ఒత్తిడి పెరిగితే పైనుంచి గాలి దూరదు. పైగా ఇంజను వాసన ఏసీలోకి. తియ్యకండి.

కూలర్ పైకీ కిందకీ ఉన్న ఒత్తిడి తేడాని కొలిచే ఉపాయం ఉంది. గోడకట్టే మేస్త్రీల లెవెల్ పైపు, సన్నటిది, ఆరు మిల్లీమీటర్లది. క్యాబిన్‌లో ఇంగ్లిషు యూ ఆకారంలో టేపుతో అంటించి, యూ కాళ్లలో సగం ఎత్తు దాకా సిరా కలిపిన నీళ్లు పోయండి. రెండు కాళ్లలో నీటి ఎత్తుల తేడాయే ఆ ఒత్తిడి. ఒక కొస కూలర్ పైన, ఇంకో కొస కూలర్ కింద ఉండాలి, కదిలే భాగాలకీ టర్బోకీ దూరంగా. యూ రెండు కాళ్లూ బండికి అడ్డంగా పెట్టండి, పొడవునా పెడితే బ్రేకు వేసినప్పుడల్లా నీళ్లు ఊగుతాయి. పక్క సీట్లో మనిషి చూడాలి, నడిపేవాళ్లు కాదు. 80 మీద గాలి ఒత్తిడి మొత్తం కలిపితే 28 మిల్లీమీటర్ల నీటి ఎత్తు, అంతా రాదు. 40 మీద 7. ట్రాఫిక్‌లో 20 మీద 2 కూడా లేదు. స్కూప్ ఎంత పెద్దది పెట్టినా బెంజి సర్కిల్లో ఎందుకు లాభం లేదో ఆ చివరి అంకె చెబుతుంది.

పటమట డీజిల్
అయితే ట్రాఫిక్ కోసం చిన్న ఫ్యాన్ పెడితే?

రేడియేటర్ బాబాయ్
పెట్టొచ్చు, గాలి పైనుంచి కిందికే తోలాలి. తిరగేసి పెడితే హైవేలో స్కూప్ గాలితో కుస్తీ పడుతుంది. కూలర్ కింద 7 అంగుళాలది, 12 వోల్టులది. కోర్ (కూలర్ రెక్కల భాగం) మొత్తం మూసే ష్రౌడ్, అంటే తొడుగు, పెట్టకు, ఫ్యాన్ ఆగినప్పుడు అదే అడ్డం. రిలే తప్పనిసరి, బ్యాటరీకి జానెడు లోపే 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 స్క్వేర్ ఎంఎం తీగ. కంపెనీ వైరింగ్‌ని గీకి కలపొద్దు. టర్బో పక్కన ప్లాస్టిక్ ఫ్యాన్ పెడితే కరిగిపోతుంది, అటువైపు నాలుగు వేళ్ల ఖాళీ లేకపోతే ఆలోచన మానుకో. ముందు ఫోమ్ వేసి చూడు, ఫ్యాన్ అవసరమే రాకపోవచ్చు.

నల్లపాడు రోడ్డు
నాది డీజిల్ హ్యాచ్‌బ్యాక్. ఇంటర్‌కూలర్ బంపర్ వెనకే, స్కూప్ లేదు. రోజూ మిర్చి యార్డు, జిన్నింగ్ మిల్లుల వైపు తిరుగుతాను. దీనికి ఏం చెయ్యాలి?

రేడియేటర్ బాబాయ్
నీకు గాలి తక్కువ కాదు, దూది ఎక్కువ. పత్తి సీజన్లో నూగు రెక్కల మధ్య చిక్కుకుని, దానిమీద దుమ్ము, ఆయిలు పట్టి నాపరాయిలా తయారవుతుంది. బయటికి కనపడదు, ఎందుకంటే ఏసీ కండెన్సర్‌కీ కూలర్‌కీ మధ్య సందులో ఉంటుంది. టార్చి వేసి వెనకనుంచి చూడు, వెలుతురు రాని చోటల్లా మూసుకుపోయినట్టే.

బంపర్ విప్పి, ఇంజను వైపు నుంచి ముందుకి మామూలు పైపు నీళ్లతో కడుగు. ముందు నుంచి కొడితే దూది ఇంకా లోపలికి దిగుతుంది. వాటర్ వాష్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు ఒరిగిపోతాయి, మళ్లీ దువ్వెనతో సరిచెయ్యాలి. ఏసీ కాయిల్ ఆసిడ్ వద్దు, కాస్టిక్ సోడా అసలే వద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది.

కొలత ముందు
కడిగాక కండెన్సర్ పక్కల ఖాళీలు కూడా ఫోమ్ పట్టీలతో మూయండి. బంపర్ రంధ్రం నుంచి కోర్ దాకా ఒక మిల్లీమీటరు అల్యూమినియం రేకుతో దారి కడితే ఇంకా మంచిది. రంధ్రం కోర్ అంత ఉండక్కర్లేదు, మూడో వంతు చాలు: కోర్ 50 బై 20 సెంటీమీటర్లయితే 330 చదరపు సెంటీమీటర్లు. అక్కడినుంచి మెల్లగా వెడల్పవుతూ రావాలి. గ్రిల్ వెనక దోమల వల కట్టి ఉంటే విప్పండి, తేనెటీగల్ని ఆపుతుంది గానీ గాలినీ ఆపుతుంది. నిమ్మకాయ, మిరపకాయల దండ మాత్రం ఉంచుకోవచ్చు, దానివల్ల గాలికి నష్టం లేదు.

నీళ్ల స్ప్రే పెడదామని ఎవరైనా అంటే బోరు నీళ్లు వాడకండి, రెక్కల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. బ్యాటరీ నీళ్లే (ఆసిడ్ కాదు, డిస్టిల్డ్ వాటర్) పొయ్యాలి. నిమిషానికి 100 మిల్లీలీటర్లు పూర్తిగా ఆవిరైతే దాదాపు 3.8 కిలోవాట్ల వేడి పోతుంది, మంచి లాభమే. కానీ సముద్రపు తేమ ఎక్కువున్న రోజు అంత ఆవిరవ్వదు, సగం కిందికి కారుతుంది.

పటమట డీజిల్
ఫోమ్ మార్చాను, సుద్ద గీత చుట్టూ పడింది. బయట 41 ఉన్నప్పుడే చూశా: 80 మీద 57, తొక్కితే 79. ట్రాఫిక్ ఐడిల్‌లో ఇంకా 75 ఉంది కానీ హైవే ఎక్కాక అర నిమిషంలో దిగిపోతోంది. పికప్ వచ్చింది. ఒక అనుమానం: కూలర్ హోస్ విప్పినప్పుడు లోపల ఆయిలు తడి ఉంది. టర్బో పోతున్నట్టా?

రేడియేటర్ బాబాయ్
వేలికి అంటుకునే తడి మామూలే, బ్రీదర్ పైపు (ఇంజను లోపలి ఆయిలు ఆవిరిని బయటికి తెచ్చేది) లోంచి వచ్చే ఆవిరి అది. కూలర్ వంచితే చెంచా కంటే ఎక్కువ కారితే మాత్రం ముందు బ్రీదర్ సెపరేటర్ చూడు, తర్వాత టర్బో షాఫ్టు వదులై ఊగుతోందేమో చూడు. హోస్ మార్చాల్సొస్తే మామూలు సిలికాన్‌ది కొనకు, ఆ ఆయిలు అందులోంచి చెమర్చి బయట జిడ్డు పడుతుంది. లోపల ఫ్లోరోసిలికాన్ పొర ఉన్నది అడుగు. క్లిప్పు బిగించేటప్పుడు హోస్ అంచు క్లిప్పుకి రెండు పక్కలా అయిదు మిల్లీమీటర్లు కనపడాలి.