ఆరుగురున్న ఇంట్లో సరుకులు ఏది ఎంత కొనాలి, ఎన్నాళ్లకు కొనాలి?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

మా ఇంట్లో అత్తగారు, మామగారు, మేమిద్దరం, ఇంటర్మీడియట్ ఒకరు, తొమ్మిదో తరగతి ఒకరు చదువుతున్న ఇద్దరు మగపిల్లలు కలిసి ఆరుగురం ఉంటాము. మేమిద్దరం ఉద్యోగాల నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు దాటుతుంది. జీతాలు రాగానే చీటీ రాసి నెల సరుకులు తెప్పిస్తున్నప్పటికీ, పదిహేనో తారీఖు నాటికి కందిపప్పో, నూనో, మినపగుళ్లో నిండుకుంటున్నాయి. అక్కడి నుంచి పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లే దిక్కవుతున్నాయి. ఒక్క కొత్తిమీర కట్ట కోసం యాప్ తెరిస్తే, డెలివరీ చార్జీ పడకుండా ఉండేందుకు చిప్స్, బిస్కెట్లు కూడా వచ్చి చేరుతున్నాయి. ఆదివారం తెచ్చిన కూరగాయల్లో కొన్ని వాడిపోతుంటే, శుక్రవారం వండడానికి ఏమీ మిగలడం లేదు. ఎక్కడ చవక అన్నది నా సందేహం కాదు. దేన్ని ఎంత, ఎన్నాళ్లకు సరిపడా కొనాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం (గుంటూరు నుంచి)

అమ్మా, మీ చీటీలో వస్తువుల పేర్లు ఉన్నాయి గాని, మీ ఇంటి వాడకం కొలత లేదనిపిస్తోంది. ఒక వారంపాటు బియ్యం, పప్పు, నూనె పొయ్యి దగ్గరకు వెళ్లే ముందు ఒకే గ్లాసుతో కొలిచి, ఆ లెక్కను వంటింటి క్యాలెండర్ మీదే రాసిపెట్టండి. ఎదిగే పిల్లలున్న ఆరుగురి ఇంట్లో రెండు పూటలా అన్నం తింటే రోజుకు కిలోన్నర బియ్యం దాకా పడుతుంది, అంటే నెలకు ఒక్క బస్తా చాలదు. (ఈమధ్య బస్తాలు 26 కిలోలవి వస్తున్నది మన మీద ప్రేమతో కాదు, 2022 జూలై నుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ బియ్యానికి 5 శాతం జీఎస్టీ వర్తిస్తోంది.) సోనా మసూరి అయితే పాత బియ్యమే అడగండి. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, పైగా అంత ఒదగదు.

కూరగాయల విషయానికి వస్తే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలని సూచిస్తోంది. ఆ లెక్కన మీ ఇంటికి వారానికి 17 కిలోలు కావాలి. అందులో సగమే వండుతున్నారనుకున్నా, ఒక్క ఆదివారం సంచితో వారమంతా గడవదు కనుక, బుధవారమో గురువారమో రెండోసారి కొనక తప్పదు. కారం, చింతపండు, పసుపు మాత్రం సంక్రాంతి, ఉగాదుల మధ్య కొత్త పంట వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా తీసుకుంటే, చీటీలోంచి ఆ పేర్లు శాశ్వతంగా పోతాయి. కందిపప్పు కూడా అప్పుడే కొని, ఎండబెట్టి డబ్బాలకెత్తుకోవచ్చు.

సమాధానం (మెహిదీపట్నం నుంచి)

పై సలహాలో ఏడాదికి సరిపడా కందిపప్పు అన్న మాటతో నేను ఏకీభవించలేను. ఎండ పడని అపార్ట్‌మెంట్ వంటింట్లో, మూత సరిగా బిగియని డబ్బాలో వానాకాలం గడిచేసరికి పప్పుకు పురుగు పడుతుంది. రెండు నెలలకు మించి ఉంచకపోవడమే మంచిది. బొంబాయి రవ్వను తెచ్చిన రోజే దోరగా వేయించి పెట్టుకోండి.

కూరగాయలు పాడవడానికి కారణం తరచుగా వండే వరుసే. తోటకూర, గోంగూర, మెంతికూర మొదటి రెండు రోజుల్లో అయిపోవాలి. ఆ తర్వాత బెండకాయ, వంకాయ, చిక్కుడు. కోయని సొరకాయ, దోసకాయ, క్యాబేజీ, కంద, చామదుంప చివరికి ఆగుతాయి. ఈ వరుస పాటిస్తే మీ శుక్రవారం దానంతట అదే గట్టెక్కుతుంది. ఉల్లిపాయలను, బంగాళాదుంపలను ఒకే బుట్టలో వేయకండి.

సమాధానం (అనంతపురం నుంచి)

సాయంత్రం ఐదింటికి పిల్లలకు వేసే ఆకలి గురించి ఎవరూ రాయలేదు. చిప్స్ ప్యాకెట్లు ఇంట్లోకి వచ్చేది ఆ వేళకే. మా వైపు బొరుగులు, పుట్నాల పప్పు, వేరుశనగపప్పు ఇంట్లో ఎప్పుడూ నిలవ ఉంటాయి. బొరుగులను నీళ్లలో తడిపి, నీరు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లితే ఉగ్గాణి సిద్ధమవుతుంది. ఇంటర్ చదివే అబ్బాయి దాన్ని తనే చేసుకోగలడు. అత్తగారిని లేపవలసిన పని లేదు. చీటీలో ఈ చిరుతిండి సరుకులను వేరే వరుసగా రాయండి, లేకపోతే పోపుకని తెచ్చిన వేరుశనగలే మాయమవుతాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఈ వారం నుంచి గ్లాసు లెక్క మొదలుపెడుతున్నాను; గురువారం కూరగాయలు తెచ్చే బాధ్యత మావారికి అప్పగించాను, మామగారు కూడా తోడు వెళ్తానన్నారు. మినపగుళ్లు అంత త్వరగా ఎందుకు అయిపోతున్నాయో మాత్రం అర్థం కావడం లేదు. ఆదివారం రుబ్బిన పిండి బుధవారానికే పులిసిపోతే, మళ్లీ నానబెట్టవలసి వస్తోంది.

సమాధానం (గుంటూరు నుంచి)

ఇడ్లీ పిండికి గ్లాసు మినపగుళ్లకు రెండు గ్లాసుల రవ్వ వేస్తున్నారో లేదో ఒకసారి చూసుకోండి. పిండి పొంగగానే రెండు గిన్నెల్లోకి తీసి, ఉప్పు వేయకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. ఏ పూట కావలసినంత పిండిని ఆ పూట వేరే గిన్నెలోకి తీసుకుని, అప్పుడు ఉప్పు కలపండి. రెండో గిన్నె మూత మంగళవారం దాకా తీయకండి. అప్పటికి కాస్త పులిసినా, అది దోసెలకు బాగానే పనికొస్తుంది.