మాట రాని పిల్లల ట్యాబ్‌లో మొదట నాలుగు బటన్లా, అరవయ్యా?

కడప_టీచర్: ఆటిజం ఉండి మాట రాని పిల్లలకి మాట్లాడే యాప్ ఇచ్చేటప్పుడు నాలుగు బొమ్మలతోనే మొదలుపెట్టాలి. అరవై గళ్ళు తెరిస్తే వేలు ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. నాలుగు కుదిరాక ఎనిమిది, ఆ తర్వాత ఇరవై.

వాణి_స్పీచ్: చిక్కంతా అక్కడే మేడమ్. నాలుగు గళ్ళప్పుడు కింద కుడివైపున్న ‘నీళ్ళు’ ఇరవైకి మార్చగానే ఇంకెక్కడికో పోతుంది. వేలికి అలవాటైన చోటు పోయి, మళ్ళీ మొదటికొస్తారు. పెద్ద గ్రిడ్డే పెట్టి అక్కర్లేనివి దాచండి. వాటి చోటు ఖాళీగానే ఉండాలి, మిగతావి జరగకూడదు. వేలు జారుతుంటే ఐప్యాడ్‌లో యాక్సెసిబిలిటీ, టచ్, టచ్ అకామడేషన్స్‌కి వెళ్ళి హోల్డ్ డ్యూరేషన్ పెంచండి, అంతసేపు నొక్కి ఉంచితేనే బటన్ పలుకుతుంది. లేదా తెర మీద కీగార్డ్, అంటే గడికో కన్నమున్న పలక, బిగించండి.

ఉప్పల్_నాన్న: ట్యాబ్ అలవాటైతే నోటి మాట ఇక రాదంటారు?

వాణి_స్పీచ్: 2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ అనే పరిశోధకులు ఇలాంటి సాధనాల మీద పాత అధ్యయనాలన్నీ వడపోశారు. గట్టి ఆధారం దొరికిన 27 మందిలో ఒక్కరికీ మాట తగ్గలేదు, 89 శాతం మందికి పెరిగింది. పెరిగింది కొద్దిగానే లెండి.

గుంటూరు_అమ్మ: ముందు ఆ ట్యాబ్‌లోంచి యూట్యూబ్ తీసేయండి.

కడప_టీచర్: ఐప్యాడ్లు మాకెక్కడివి? ఆండ్రాయిడే. నెట్ పోతే తెలుగు గొంతే పలకదు.

వాణి_స్పీచ్: టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్స్‌లో తెలుగు వాయిస్ డేటా ముందే దింపుకోండి, నెట్ లేకున్నా పలుకుతుంది. యాప్ పిన్నింగ్ పెడితే పిల్లలు యూట్యూబ్‌లోకి పోరు. ఛార్జింగ్ అయిపోతుంది కాబట్టి అదే గ్రిడ్ ప్రింటు లామినేట్ చేయించి దగ్గరుంచండి.

కడప_టీచర్: సరే, మీరన్నట్టే దాచాను. నీళ్ళు, బిస్కెట్, టాయిలెట్, ఆట ఉంచాను. ‘వద్దు’, ‘ఆపు’ తీసేశాను. లేకపోతే మా క్లాసు పిల్లాడు ప్రతి వర్క్‌షీటుకీ అవే నొక్కుతాడు.

ఉప్పల్_నాన్న: ‘వద్దు’ దాచేశారా! ఇక వాడు చెయ్యి కొరక్క ఏం చేస్తాడు? మావాడి బడిలోనూ ఇంతే, అల్లరి చేస్తే ట్యాబ్ బీరువాలో పెడతారు. మాట్లాడే పిల్లలు అల్లరి చేస్తే నోటికి ప్లాస్టరేస్తారా?

కడప_టీచర్: క్లాసు నడపాల్సింది నేను. వద్దన్నప్పుడల్లా ఆపేస్తే ఇక చదువెక్కడ?

వాణి_స్పీచ్: ఆపమని ఎవరన్నారు? ‘వద్దంటున్నావు, విన్నాను, ఇంకో రెండు చేసి ఆపుదాం’ అనండి. అంటూ మీరే ట్యాబ్‌లో ‘రెండు’, ‘ఆపు’ నొక్కి చూపండి. వాడి చెయ్యి పట్టుకుని నొక్కించొద్దు. పది సెకన్లు ఆగండి.

కడప_టీచర్: ‘ఆపు’ తెరుస్తాను. ‘వద్దు’ మాత్రం ఈ టర్మ్‌లో తెరవను.

ఉప్పల్_నాన్న: అది తెరవాలో లేదో మీరెవరండీ చెప్పడానికి? మీకు అడిగే పిల్లాడు కావాలి, కాదనే పిల్లాడు వద్దు. అంతేగా?

కడప_టీచర్: ఇరవై మందితో ఒక్క గంట కూర్చుని చూడండి, తర్వాత మాట్లాడదాం.

నెల్లూరు_అన్న: కీగార్డ్ ఎక్కడ దొరుకుతుంది?

వాణి_స్పీచ్: గ్రిడ్ స్క్రీన్‌షాట్‌ని తెర అసలు కొలతలో ప్రింట్ తీసి లేజర్ కటింగ్ షాపులో ఇవ్వండి, 3 మి.మీ. యాక్రిలిక్ మీద కోసిస్తారు. అంచులు నున్నగా రుద్దించండి. అన్నట్టు, ‘వద్దు’ గడికీ కన్నం పెట్టించండి.