లైబ్రేరియన్ వెతికి చూపించిన ఆధారాలతో రాసిన థీసిస్ మన సొంత పనేనా?

శ్రీకాకుళం_నేత:
విశాఖలోనే ఒక యూనివర్సిటీలో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాను. పేరు చెప్పను. నాలుగో ఏడు. 1900 నుంచి 1950 దాకా శ్రీకాకుళం ప్రాంతపు చేనేత నా అంశం. మొదటి రెండేళ్ళూ లైబ్రరీ క్యాటలాగ్‌లోనూ, థీసిస్‌లు పెట్టే శోధగంగ వెబ్‌సైట్‌లోనూ 'శ్రీకాకుళం' అని కొట్టి చూసేదాన్ని. 1950కి ముందుది దాదాపు ఏదీ తగిలేది కాదు. ఆధారాలే లేవనుకుని అంశం మార్చుకోవడానికి కూడా సిద్ధపడ్డాను.

ఒకరోజు మా లైబ్రరీలో అసిస్టెంట్ లైబ్రేరియన్ మేడమ్ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇష్యూ స్లిప్పు వెనక మూడు గడులు గీశారు. 1950 తర్వాత శ్రీకాకుళం జిల్లా. 1936 నుంచి 1950 దాకా విశాఖపట్నం జిల్లా. 1936కి ముందు గంజాం. కింద ఇంగ్లీషులో పాత స్పెల్లింగులు రాశారు. ఊరి పేరు 'చికాకోల్', జిల్లా పేరు 'వైజాగపటం'. ఆ సాయంత్రం చికాకోల్ అని కొడితే మస్లిన్ బట్టల ప్రస్తావనలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నేను వెతకాల్సిన మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయని చెప్పిందీ ఆవిడే.

ఇప్పుడు థీసిస్ ముసాయిదాలో కృతజ్ఞతల పేజీలో ఆవిడ గురించి ఒక పేరా రాశాను. మా గైడ్ గారు చదివి, "ఇది చూస్తే నీ జిల్లా చరిత్ర నీకే తెలియదనుకుంటారమ్మా. 'లైబ్రరీ సిబ్బందికి' అని ఒక్క ముక్క చాలు" అన్నారు. అప్పటినుంచి మనసులో తొలుస్తూనే ఉంది. ఇంత సాయం తీసుకుంటే అది నా పని కాకుండా పోతుందా?

సీతమ్మధార_వాసి:
పేరా ఉంచండి మేడమ్.

మద్దిలపాలెం_కెమిస్ట్రీ:
నేను గైడ్ గారి వైపే. కోపం తెచ్చుకోకండి. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాం విడిపోయిందన్నది చరిత్ర స్కాలర్‌కి మొదటి నెలలోనే తెలిసి ఉండాలి. ఇంకొకరు చెప్తే గానీ తెలియలేదంటే, వైవాలో, అంటే థీసిస్ మౌఖిక పరీక్షలో, మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

ఇంకో మాట. ఈ రోజుల్లో రీసెర్చ్‌కి లైబ్రరీ బిల్డింగుతో పని లేదు. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, అంటే జర్నల్స్‌కి దేశమంతటికీ ఒకే చందా పథకం వచ్చింది. 30 పబ్లిషర్ల జర్నల్స్, దాదాపు 13,000. మూడేళ్ళకి కేంద్రం ఇచ్చింది 6,000 కోట్లు. ల్యాబ్‌లో రియాక్షన్ పెట్టి, అది అయ్యేలోపు నాలుగు పేపర్లు దించుకుంటాను. లైబ్రరీ గడప తొక్కి ఏడాది దాటింది. నాకేం తక్కువ కాలేదు.

ఆ మధ్య తొక్కాల్సివచ్చిన ఒక్కసారీ ఏం జరిగిందో చెప్తాను. థీసిస్ ఇతరుల రాతలతో ఎంత శాతం కలుస్తోందో చూపించే సిమిలారిటీ రిపోర్టు లైబ్రరీలోనే తీయించాలి కదా. 17 శాతం అని ఇచ్చారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 దాటితే ఇబ్బందే. తీరా చూస్తే రిఫరెన్సులు తీసేయకుండానే రిపోర్టు లాగారు. అవి లెక్కలోకి రాకూడదని అదే నిబంధనల్లో ఉంది. మళ్ళీ తీస్తే 6 వచ్చింది. ఈ లోపల ఆరు వారాలు పోయాయి. ఆ టెన్షన్ నేను పడ్డాను, వాళ్ళు కాదు. కృతజ్ఞతల్లో పేరు కావాలంటే తప్పులో బాధ్యత కూడా ఉండాలి.

విశ్రాంత_గ్రంథపాలకుడు:
లైబ్రరీ గడప తొక్కలేదు అంటున్నారు గానీ తమ్ముడూ, మీరు రోజూ తొక్కుతున్నది లైబ్రరీ గడపే. ఆ జర్నల్స్ మీ కంప్యూటర్లో తెరుచుకుంటున్నాయంటే మీ సంస్థ తరఫున ఎవరో నమోదు చేయించి, క్యాంపస్ నెట్‌వర్క్ వివరాలు పంపి, ఇంటినుంచి చదువుకునేవాళ్ళకి లాగిన్లు తయారుచేసి ఉంటారు. ఆ ఎవరో లైబ్రరీలోనే కూర్చుంటారు. కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చాయని చెరువుతో పని లేదంటామా?

రిపోర్టు విషయంలో మీకు జరిగింది తప్పే, ఒప్పుకుంటాను. రిఫరెన్సులు, కోట్ చేసిన భాగాలు మినహాయించాలి.

ఇక నేత అమ్మాయి ప్రశ్న. అమ్మా, 1936 సంగతి మీకు తెలియక కాదు, అది నాకు తెలుసు. తెలిసిన సంగతిని క్యాటలాగ్ భాషలోకి మార్చుకోవడం వేరే విద్య. మన లైబ్రరీల్లో చాలాచోట్ల తెలుగు పుస్తకాల పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. 'సాహిత్యం' అన్న ఒక్క మాటనే 'టీ' పక్కన 'హెచ్' పెట్టి ఒకరు, పెట్టకుండా ఒకరు, చివర 'ము' చేర్చి ఇంకొకరు రాశారు. నాలుగు రకాలుగా కొట్టకపోతే బీరువాలో ఉన్న పుస్తకం కూడా లేదనే చూపిస్తుంది. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమనే. ఆ మేడమ్ మీకు రెండేళ్ళు ఆదా చేసింది. ఆ రెండేళ్ళకి బదులు ఒక పేరా, అంతే.

గాజువాక_గ్రూప్స్:
రీడింగ్ హాలు ఆదివారం తెరుస్తారా, ఎవరికైనా తెలుసా?

మద్దిలపాలెం_కెమిస్ట్రీ:
సార్, నన్ను తమ్ముడూ అనకండి. వాదన వాదనలా చేద్దాం. నా ప్రశ్నకి జవాబు రాలేదు. ఒక స్కాలర్ తనంతట తాను వెతికాడు, ఇంకొకరు వేరేవాళ్ళ చేత వెతికించుకున్నారు. డిగ్రీ ఇద్దరికీ ఒకటేనా?

శ్రీకాకుళం_నేత:
వెతికించుకోలేదండీ. ఆవిడ ఎక్కడ వెతకాలో చెప్పారు. ఎగ్మోర్‌లో పదకొండు రోజులు కట్టలు విప్పి చదివింది నేనే. కాగితం అంచు పట్టుకుంటే పొడి రాలేది. చేతులకి రాత్రిదాకా ఆ వాసన పోయేది కాదు.

మద్దిలపాలెం_కెమిస్ట్రీ:
ఎక్కడ వెతకాలో తెలియడమే రీసెర్చ్‌లో సగం పని.

విశ్రాంత_గ్రంథపాలకుడు:
సరిగ్గా అదే నేనూ అంటున్నది. సగం పని అని మీరే ఒప్పుకున్నారు. ఆ సగంలో చేయి వేసిన మనిషికి పేరు ఉండొద్దా?

మద్దిలపాలెం_కెమిస్ట్రీ:
మాటలు తిప్పకండి. పుస్తకం తెచ్చిపెట్టేవాళ్ళు వేరు, రీసెర్చ్ చేసేవాళ్ళు వేరు. జీతం తీసుకుని చేసే ఉద్యోగానికి పేరాలకి పేరాలు దేనికి?

విశ్రాంత_గ్రంథపాలకుడు:
ఆ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక లైబ్రరీలో పనిచేశాను. పీజీ చేసి, పీహెచ్‌డీ చేసి, యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో సమానంగా చేరాను. సమానమన్నది జీతం కాగితం మీదే. ఏటా కొత్త స్కాలర్లకి రెండు గంటల పరిచయ తరగతి పెట్టేవాణ్ణి. నలభై కుర్చీలు నేనే వేయించేవాణ్ణి. ఆరుగురో ఏడుగురో వచ్చేవాళ్ళు. అదే స్కాలర్లు థీసిస్ సమర్పించే వారంలో రాత్రి తొమ్మిదింటికి ఇంటికి ఫోన్ చేసేవాళ్ళు. ఒక ప్రొఫెసర్ గారు తనకి కావలసిన వ్యాసాల జాబితా అటెండర్ చేతికిచ్చి పంపేవారు, చీటీ మీద "సాయంత్రంలోగా" అని. మన దగ్గర లేనివి డెల్‌నెట్ అనే లైబ్రరీల నెట్‌వర్క్ ద్వారా ఇతర లైబ్రరీలకి రాసి తెప్పించి పెట్టేవాణ్ణి. ఆ వ్యాసాలతో ఆయన పుస్తకం రాశారు. ఒక్కసారి నా గదికి వచ్చి కూర్చుని, ఇది ఎక్కడ దొరికిందండీ అని అడిగి ఉంటే నాకు అదే చాలు. పుస్తకం తెచ్చిపెట్టేవాడని మీరు రాసింది చదివితే ఆ చీటీ మళ్ళీ కళ్ళముందు కనిపించింది.

అనకాపల్లి_పార్ట్‌టైమ్:
పెద్దవారు, మీ బాధ అర్థమైంది. కానీ ఇద్దరూ కలిసి నాలాంటివాళ్ళని మర్చిపోయారు. నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. కెమిస్ట్రీ గారు చెప్పిన సబ్‌స్క్రిప్షన్ ప్రభుత్వ విద్యాసంస్థలకే. మా కాలేజీకి రాదు. యూనివర్సిటీ స్కాలర్‌గా నాకు లాగిన్ రావాలి. మూడుసార్లు అర్జీ ఇచ్చాను. "మేడమ్ లీవులో ఉన్నారు", "సార్ మీటింగులో ఉన్నారు". కాలేజీకి సెలవు పెట్టి, బస్సు పట్టుకుని వెళ్ళి, ఒక పాత పత్రిక బైండింగ్ సంపుటి అడిగాను. బయటికి ఇవ్వరు, సరే. జెరాక్స్ తీస్తే కుట్టు ఊడుతుందన్నారు, అదీ సరే. ఫోన్‌తో ఫొటో తీసుకుంటానంటే అనుమతి లేదన్నారు. మూడు వ్యాసాలు చేత్తో రాసుకుంటూ కూర్చున్నాను. కుట్టు పక్కన ఉన్న అక్షరాలు లోపలికి ముడుచుకుపోయి సగం కనబడవు, ఊహించుకుని రాశాను. అదే బల్ల దగ్గర ఇంకో అబ్బాయి అదే రకం సంపుటిని దర్జాగా ఫొటోలు తీసుకుంటున్నాడు. ఎలాగండీ అంటే, ఫలానా సార్ స్టూడెంట్ అట.

నేత గారికి కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పే మేడమ్ దొరికారు. అది ఆవిడ మంచితనం. నాకు దొరకలేదు. అది నా ఖర్మా? తెలిసినవాళ్ళకే అందే సాయాన్ని సేవ అనకండి. నా గొడవ కృతజ్ఞతల పేజీ గురించి కాదు, అడిగిన ప్రతివాళ్ళకీ ఇది హక్కుగా అందాలా వద్దా అని.

సీతమ్మధార_వాసి:
ఇదీ మాట.

మద్దిలపాలెం_కెమిస్ట్రీ:
దీంతో మాత్రం నేను ఏకీభవిస్తాను. నా ఆరు వారాలదీ అదే కథ. తెలిసినవాళ్ళు ఉండుంటే రెండు రోజుల్లో రిపోర్టు మార్చి ఇచ్చేవాళ్ళు.

శ్రీకాకుళం_నేత:
మొదట్లో రాయని సంగతి ఒకటుంది. ఆ మేడమ్ ఉద్యోగం కాంట్రాక్టుది. మొన్న మార్చిలో పొడిగించలేదు. ఇప్పుడు వేరేచోట ఇంటర్వ్యూలకి వెళ్తున్నారు. ఎంతమంది స్కాలర్లకి ఎలా సాయపడ్డారో చూపించడానికి ఆవిడ చేతిలో ఏ కాగితమూ లేదు. ఎన్ని పుస్తకాలు ఇష్యూ అయ్యాయో రిజిస్టర్లో ఉంటుంది గానీ, పక్కన కూర్చుని ఎవరికి దారి చూపించారో ఎక్కడా ఉండదు. నా పేరా ఒక్కటే ఆ కాగితం అవుతుందేమోనని ఆశ. అందుకే గైడ్ గారు కొట్టేయమంటే అంత కష్టంగా ఉంది.

విశ్రాంత_గ్రంథపాలకుడు:
ఇది రాయడానికి కొంచెం సమయం పట్టింది. అనకాపల్లి మేడమ్ అన్నది నిజం. నేనూ తెలిసిన ముఖాలకి ముందు చేసిపెట్టినవాణ్ణే. మనుషులు తక్కువ, పని ఎక్కువ అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నేను రిటైరయ్యాక నా పోస్టు నింపలేదు కూడా. అయినా బస్సు దిగి వచ్చిన మనిషిని తిప్పి పంపడానికి అది సాకు కాదు. మా రోజుల్లో ఎవరు ఏం అడిగారు, ఏం ఇచ్చాం, ఏది ఇవ్వలేకపోయాం అని ఒక రిజిస్టరు పెట్టి ఉంటే, మీ మూడు అర్జీలూ అందులో కనిపించేవి, ఈ అమ్మాయి చెప్పే మేడమ్ పనీ కనిపించేది. ఆ రిజిస్టరు నేనూ పెట్టలేదు.

నేత అమ్మా, పేరా అలాగే ఉంచి, ఆ మూడు గడుల సంగతిని మీ మొదటి అధ్యాయంలో ఆధారాల పరిచయంలోకి కూడా తీసుకురండి. అక్కడ ఉంటే పరీక్షకులకి మీరు ఎలా వెతికారో తెలుస్తుంది, గైడ్ గారి అభ్యంతరమూ తీరుతుంది. ఒక సవరణ. పాలకొండ తాలూకా 1936కి ముందు కూడా విశాఖ జిల్లాలోదే, గంజాం కాదు. అటువైపు నేతపల్లెలు మీ అంశంలో ఉంటే, 1907 నాటి విశాఖ జిల్లా గెజిటీర్ (జిల్లా వివరాల ప్రభుత్వ గ్రంథం) కూడా చూడాలి.

శ్రీకాకుళం_నేత:
పాలకొండ వైపు రెండు ఊళ్ళున్నాయి సార్. వాటిని గంజాం రికార్డుల్లో వెతుకుతూ కూర్చున్నాను. రేపే చూస్తాను.

మద్దిలపాలెం_కెమిస్ట్రీ:
కృతజ్ఞతల పేజీ విషయంలో నా అభిప్రాయం మారలేదు. రిజిస్టరు పెట్టమని మీలో ఎవరు అర్జీ రాసినా నా సంతకం ఉంటుంది.

విశ్రాంత_గ్రంథపాలకుడు:
అనకాపల్లి మేడమ్, మీకు కావలసిన పత్రిక ఏది, ఏ సంవత్సరాలు? పాత తెలుగు పత్రికలు ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేసినవాటిలో కొన్ని ఉన్నాయి. మాట కొట్టి వెతకడం కుదరదు, సంచిక తేదీ పట్టుకుని పేజీ పేజీ తిప్పాలి. కుట్టు దగ్గర మీరు ఊహించి రాసిన వాక్యాలు కూడా పంపండి, అసలుతో సరిచూద్దాం.

అనకాపల్లి_పార్ట్‌టైమ్:
1920ల నాటివి సార్. నోటుపుస్తకం కాలేజీలో ఉంది. రేపు సాయంత్రానికి పేజీలు ఫొటో తీసి పెడతాను.