కేఎల్ఎఫ్ ‘చిల్ అవుట్’ ఆల్బమ్: ఏ వెర్షన్ వినాలి? బీట్ లేకుండా హౌస్ ఎలా అయింది?

బెల్లందూర్_బాబు:
అందరికీ నమస్తే. మా ఆఫీస్‌లో ఒకన్న పొద్దస్తమానం హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఉంటాడు, ఏం వింటావన్నా అంటే కేఎల్ఎఫ్ అని బ్రిటన్ బ్యాండ్ ఉంది, వాళ్ళ చిల్ అవుట్ ఆల్బమ్ విను, యాంబియెంట్ హౌస్ అంటే ముందు అదే వినాలి అన్నాడు. యాప్‌లో వెతికితే ఆ పేరుతో రావట్లేదు, ‘కమ్ డౌన్ డాన్’ అని ఇంకోటి వస్తోంది. పాతది ఎవరో యూట్యూబ్‌లో పెట్టారు, కాసేపు విన్నా. రైలు చప్పుడు, గొర్రెల అరుపులు, మధ్యలో ఎల్విస్ గొంతు... బాగుంది, కానీ బీట్ ఇప్పుడొస్తుంది అప్పుడొస్తుంది అని ఎదురుచూడటమే సరిపోయింది. హౌస్ అంటే బీట్ మీద నడిచే డ్యాన్స్ మ్యూజిక్ కదా, మరి దీన్ని హౌస్ అని ఎందుకంటారు? రెండిట్లో ఏది వినాలి?

యశ్వంతపూర్_రాత్రిబండి:
బ్రో, ఇది పుట్టింది డ్యాన్స్ క్లబ్ పక్క గదిలో, అందుకే ఆ పేరు. 1989లో లండన్‌లో హెవెన్ అనే క్లబ్బులో పాల్ ఓకెన్‌ఫోల్డ్ అనే డీజే ‘ల్యాండ్ ఆఫ్ ఆజ్’ అని నైట్ నడిపేవాడు, మెయిన్ ఫ్లోర్‌లో ఆసిడ్ హౌస్ అనే జోరైన డ్యాన్స్ మ్యూజిక్ దంచుతుంటే ఎగిరెగిరి అలిసిపోయినవాళ్ళు కూర్చోడానికి పక్కన ఇంకో గది, అక్కడ జిమ్మీ కాటీ, ది ఆర్బ్ అనే గ్రూప్ అలెక్స్ ప్యాటర్సన్ కలిసి నెమ్మదైన రికార్డులూ సౌండ్ ఎఫెక్టులూ ఒకదానిమీద ఒకటి వేసి గంటలకొద్దీ కలిపేవాళ్ళు. ఆ కాటీయే బిల్ డ్రమ్మండ్‌తో కలిసి కేఎల్ఎఫ్. 1990 ఫిబ్రవరిలో చిల్ అవుట్ వచ్చింది. బీట్ అసలు లేదని కాదు, అక్కడక్కడా దూరంగా వినిపించి పోతుంది. నాకైతే దీని అసలు గొప్పతనం తయారుచేసిన పద్ధతిలోనే ఉంది. కాటీ వాళ్ళ స్టూడియోలో డాట్ మెషీన్లు (డిజిటల్ టేప్ రికార్డర్లు), క్యాసెట్ ప్లేయర్లు, టర్న్‌టేబుల్, మిక్సర్ పెట్టుకుని 44 నిమిషాలూ లైవ్‌గా, ఎడిట్ లేకుండా ఒకే టేక్‌లో చేశారు. చివరిదాకా వచ్చాక తప్పు పడితే మళ్ళీ మొదట్నుంచి! అందుకే ఒక శబ్దం వెళ్ళిపోయి ఇంకోటి వచ్చేచోట చేత్తో ఫేడర్ (మిక్సర్ మీద సౌండ్ పెంచే తగ్గించే మీట) తోసిన ఫీల్ తెలుస్తుంది.

పెనుకొండ_పిల్ల:
వెర్షన్ సంగతి నేను చెప్తా. 1992లో వాళ్ళు మ్యూజిక్ బిజినెస్ వదిలేస్తూ బ్రిటన్‌లో తమ రికార్డులన్నీ మార్కెట్లోంచి తీసేశారు. దానికితోడు ఎల్విస్ ‘ఇన్ ది ఘెటో’, ఫ్లీట్‌వుడ్ మ్యాక్ ‘ఆల్బట్రాస్’, ఆకర్ బిల్క్ క్లారినెట్ లాంటి శాంపిల్స్‌కి, అంటే వేరేవాళ్ళ రికార్డుల్లోంచి తీసుకున్న ముక్కలకి, పర్మిషన్ల గొడవ. 2021లో స్ట్రీమింగ్‌కి వచ్చినప్పుడు అలాంటివి కొన్ని తీసేసి రీఎడిట్ చేసిందే నీకు కనిపించిన కమ్ డౌన్ డాన్. చెడ్డదేం కాదు, కానీ మొదటిసారి పాతదే విను. టెక్సస్ నుంచి లూసియానా దాకా రాత్రిపూట కార్లో పోతున్నట్టు ఊహించుకుని చేశారు, రేడియోలో ఎల్విస్ వచ్చి, దాని కింద గ్రహమ్ లీ వాయించిన పెడల్ స్టీల్ గిటార్ సాగుతూ ఉంటే అదే ఆ ఆల్బమ్‌కి ప్రాణం.

ఇంకో మాట, మన ఎన్‌హెచ్ 44 మీద రాత్రి బస్సులో విను. చిక్కబళ్ళాపూర్ దాటాక బెంగళూరు ఎఫ్ఎం గరగరమని, కన్నడ పాటలో సగం, యాడ్‌లో సగం కలిసిపోయి, బాగేపల్లి దాటాక ఎక్కడ్నుంచో తెలుగు తగులుతుంది చూడు, ఈ ఆల్బమ్ మొత్తం అలాగే నడుస్తుంది. షఫుల్ మాత్రం వద్దమ్మా, ముక్కలుగా వింటే ఏమీ ఉండదు.

బెల్లందూర్_బాబు:
థాంక్స్ అక్కా, థాంక్స్ బ్రో. శుక్రవారం అనంతపురం బస్సెక్కుతున్నా, డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటా. మరి కవర్ మీద ఆ గొర్రెలేంటి? దీని తర్వాత ఏం వినాలి?

యశ్వంతపూర్_రాత్రిబండి:
పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 1970 ఆల్బమ్ ‘ఆటమ్ హార్ట్ మదర్’ కవర్ మీద ఆవు ఉంటుంది కదా, దాన్ని చూసి పెట్టుకున్నవే. తర్వాత ది ఆర్బ్ 1991లో తెచ్చిన ‘అడ్వెంచర్స్ బియాండ్ ది అల్ట్రావరల్డ్’ విను, డబుల్ ఆల్బమ్, నువ్వడిగిన బీట్ అందులో దండిగా ఉంటుంది. మొదటి ట్రాక్ ‘లిటిల్ ఫ్లఫీ క్లౌడ్స్’లో సింగర్ రికీ లీ జోన్స్ చిన్నప్పటి ఆకాశం గురించి మాట్లాడుతుంటే వెనకాల కంపోజర్ స్టీవ్ రైక్ రాసిన గిటార్ పీస్ తిరుగుతూ ఉంటుంది. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకో, ఇందులో బేస్ ఫోన్ స్పీకర్‌లో అస్సలు తెలీదు.