పులిని లారీలో తెచ్చి వదలాలా, నడిచొచ్చే దారి ఇవ్వాలా?

అడవిబాట:
ఒడిశాలోని సిమ్లిపాల్ అడవి నల్ల పులుల ఫొటోలు మళ్లీ తిరుగుతున్నాయి కదా. అదేమీ వేరే జాతి కాదు. చారలు వెడల్పై ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం వల్ల అలా కనిపిస్తాయి. ఒక జన్యువులో వచ్చిన మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా అందితేనే పిల్ల అలా పుడుతుంది. 2023-24లో ఒడిశా లెక్క ప్రకారం అక్కడ 27 పెద్ద పులులుంటే 13 ఇలాంటివే. అంటే అన్నీ దగ్గరి చుట్టాలే. అందుకని 2024లో మహారాష్ట్రలోని తాడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులులను తెచ్చి వదిలారు. ఇలా తేవడం నా దృష్టిలో ప్రథమ చికిత్స మాత్రమే. అసలు మందు, పులులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి వాటంతట అవే నడిచొచ్చే దారి. మీరేమంటారు?

గొర్రెలమంద:
మా బాబాయ్ మందలో విత్తనపు పొట్టేలును రెండేళ్లకోసారి మారుస్తాడు. లేకపోతే పిల్లలు ఈసురోమంటూ పుడతాయంటాడు. మేనరికం మనుషులకే కాదు కదా. అమెరికాలోని ఫ్లోరిడాలో ప్యూమాలు (పులిలాంటి పెద్ద పిల్లులు) పాతిక, ముప్పైకి పడిపోయి, వంకర తోకలతో, గుండె లోపాలతో పుడుతుంటే 1995లో టెక్సస్ నుంచి ఎనిమిది ఆడవాటిని తెచ్చి వదిలారు. అందులో ఐదు పిల్లల్ని పెట్టాయి. తర్వాత ఆ గుంపు కొన్ని రెట్లు పెరిగింది. తేవడంలో తప్పేముంది?

నీలిమబ్బు:
పొట్టేలుకు తాడు కట్టొచ్చండీ, పులికి ఎవరు కడతారు? జీనత్ జార్ఖండ్ దాటి బెంగాల్ దాకా వెళ్లింది. 2024 డిసెంబర్ 29న మత్తు ఇచ్చి పట్టుకొచ్చారు. అదే ఒడిశాలో 2018లో సత్కోసియా అడవికి మధ్యప్రదేశ్ నుంచి ఒక జంటను తెచ్చారు. మగది ఉచ్చులో పడి చచ్చింది. ఆడది ఇద్దరిని చంపిందని ఊళ్లు తిరగబడితే, చివరికి దాన్ని వెనక్కి పంపారు.

అడవిబాట:
నీలిమబ్బు గారూ, సత్కోసియాలో ఓడింది జన్యుశాస్త్రం కాదు, ఊళ్లను ముందు అడగకపోవడం. కానీ కొత్త రక్తం ఎందుకు కావాలో కూడా చూడండి. 2018లో గిర్‌లో కొన్ని వారాల్లోనే 20కి పైగా సింహాలు పోయాయి, కుక్కలకు వచ్చే కెనైన్ డిస్టెంపర్ వైరస్ వాటిలో బయటపడింది. ఆ సింహాలకు గుజరాత్ బయట ఇంకో ఇల్లు లేదు. రేపు ఏ రోగం వస్తుందో, ఎంత ఎండ కాస్తుందో ఎవరికి తెలుసు? అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటే ఒకటి తట్టుకోలేనిది ఏదీ తట్టుకోలేదు. రకరకాలవి ఉంటే కొన్నైనా మిగులుతాయి.

అలాగని నడక ఒక్కటే చాలదని నేనూ ఒప్పుకుంటాను. 2019లో మహారాష్ట్రలోని టిపేశ్వర్ అడవి నుంచి బయల్దేరిన, మెడకు రేడియో కాలర్ కట్టిన మగపులి మన ఆదిలాబాద్ వైపు కూడా తిరిగి, దాదాపు 1,300 కిలోమీటర్లు నడిచి ఆ రాష్ట్రంలోనే ఉన్న జ్ఞానగంగ అడవికి చేరింది. తీరా అక్కడ ఆడపులి లేదు! జత దొరక్కపోతే అంత నడకా జన్యువుల లెక్కలో సున్నాయే.

కాగజ్‌నగర్ కుర్రాడు:
అన్నా, ఆ నడకదారి మా చేల మీదుగానే. 2024 నవంబర్‌లో మా మండలంలోనే పత్తి చేలో పని చేస్తున్న అమ్మాయిని పులి చంపింది. 2025 మేలో మా అడవిని కొమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్ (పులులు తిరిగే రక్షిత అడవి) అంటూ జీవో 49 ఇచ్చారు, ఆదివాసీలు రోడ్డెక్కాక జూలైలో ఆపారు. వైవిధ్యం మీకు, పులి మాకు.

గొర్రెలమంద:
తమ్ముడి మాటలో న్యాయం ఉంది. నేను చెప్పింది మంద లెక్క, అంతే.

అడవిబాట:
నిజమే తమ్ముడూ, కాదనను. కానీ గుంపులు గుంపులుగా రావాల్సిన పని లేదు. తరానికి ఒకటో రెండో వచ్చి జతకడితే చాలని జన్యుశాస్త్రంలో పాత లెక్క ఉంది. మధ్యప్రదేశ్-మహారాష్ట్ర సరిహద్దులో పెంచ్ పులుల అడవి దగ్గర 44వ నంబర్ హైవే కింద కట్టిన దారుల్లో పులులు నడుస్తున్నట్టు కెమెరాల్లో పడింది. మనుషులకు ఎదురుపడకుండా దాటే ఏర్పాటు ఇక్కడా చేయొచ్చు.

కాగజ్‌నగర్ కుర్రాడు:
హైవే కింద సొరంగం కడతారు, సరే. చేను కింద కడతారా? ఆ ఒక్క పులి ఈ రాత్రి ఎవరి చేలో ఉందో పొద్దున పత్తి ఏరడానికి పోయే ముందు మా ఫోన్లకు మెసేజ్ రావాలి. అది చేయించు అన్నా, తర్వాత దారి గురించి మాట్లాడదాం.